మోకాలెత్తు దిబ్బ

మూడొందల పన్నెండు గొర్రెలు.
ఒక్కోదాని చెవి నుంచి గింజంత ముక్క,
ఒక్కో తూకం, నోట్సులో ఒక్కో వరస.

ఆర్నెల్లకి తెరమీద చుక్కలు లేచాయి.
నేలబారు చుక్కల మధ్య ఒక్కచోట
ఉదయగిరి దుర్గంలా నిటారుగా
ఆరో క్రోమోజోము.
బరువు జన్యువు దొరికిందని
ఆ రాత్రి నిద్రపోలేదు నేను.

మస్తానయ్యకి చూపించాను.
బీడీ ఆర్పి, వరసలన్నీ చదివించుకున్నాడు.
"బరువైనయ్యన్నీ పల్లలే గదబ్బయా.
అయ్యి ఆత్మకూరోళ్ల మంద,
సోమశిల కాలవ కింద మేసినయ్.
నా జోడిపిలు గుట్టమీద రాళ్లు నాకినయ్.
నెత్తురేం జేసద్ది దానికి?"

ఏ మందదో ఇంకో గడిలో చేర్చి
మళ్ళీ లెక్క కట్టాను.
కొండ కుంగింది.

మిగిలింది మోకాలెత్తు దిబ్బ,
గీతకి కాస్త కిందగా.
చెరిపెయ్యబుద్ధి కాలేదు.
ఇంకో రెండొందల చెవులు కావాలన్నాను.

"రాండి," అన్నాడు, "వానలు పడినాక.
అప్పుడు నాయ్యీ తూగుతయ్."