చెక్కకు లైనింగ్

అట్టపెట్టెలో పడుకుని వచ్చింది బీరువా.
పలకలు పదకొండు, స్క్రూలు ఓ పొట్లం,
మెడ వంచిన ఇనప పుల్ల ఒకటి,
మాటల్లేని బొమ్మల కాగితం.
సింగ్‌నగర్ సందులో ఆటో దూరక
గుమ్మం దాకా మోసుకొచ్చిన కుర్రాడు
"అక్కా, ఇది చెక్క కాదు, పొట్టు" అని నవ్వి
మంచినీళ్లు తాగి పోయాడు.

పొట్టే. నాకు తెలీదా?
బుడమేరు ఇంట్లోకొచ్చిన ఏడు
ఇదే గదిలో దీని అక్క
నడుం లోతు నీళ్లలో నిలబడి నిలబడి
నానిన అటుకుల్లా ఉబ్బి
చివరికి చేటలోకి ఎత్తుకునేలా రాలింది.
లోపల ముప్పై రెండు జాకెట్లు.
ఒకటి పెళ్లిది, మగ్గం పని.
డబ్బు కట్టాను, మూడు వాయిదాల్లో.
ఆ అమ్మాయి మాత్రం మళ్లీ ఈ గుమ్మం ఎక్కలేదు.

మళ్లీ అదే ఎందుకు కొన్నావంటారు.
టేకు కొనే చేతులా ఇవి?
కానీ పలచటి గుడ్డను నిలబెట్టే చేతులే.
జార్జెట్‌కి ఏం చేస్తాం? లైనింగ్ వేస్తాం.

వెనక కొట్టమని ఇచ్చిన అట్ట
పరీక్ష ప్యాడ్ కన్నా పలచన. పారేశాను.
నున్న రోడ్డులో వీరాచారి దగ్గర
ఆరు ఎంఎం ప్లైవుడ్ కోయించి
నజ్మా స్కూటీ వెనక కూర్చుని పట్టుకొచ్చాను.
లారీ పక్కనించి పోయినప్పుడల్లా
అది తెరచాపై
ఇద్దర్నీ ఎటో తీసుకుపోబోయింది.

బిగించే ముందు టేపు పట్టాను, భుజాలు కొలిచే టేపే.
ఈ మూల నుంచి ఆ మూలకి,
ఆ మూల నుంచి ఈ మూలకి.
అరంగుళం తేడా.
ఎవరికైనా ఒక భుజం దిగే ఉంటుంది.
మనిషికైతే ప్యాడ్ పెడతాను.
దీనికి మోకాలితో ఒక తోపు.
తర్వాత బెత్తెడుకో స్క్రూ, చుట్టూతా.

చెక్కపుల్లలు పొడిగా దూర్చమంది కాగితం.
నేను ఫెవికాల్‌లో ముంచాను.
"అంటిస్తే మళ్లీ విప్పలేం కదా,
ఇల్లు మారాల్సొస్తే?" అంది నజ్మా.
అద్దెకున్నవాళ్లు ఆలోచించాల్సిన మాటే.
ఆగాను.
ఫెవికాల్ ఆగదు కదా, ఆరిపోతోంది.
దూర్చేశాను.

లోపలి మూలలకి ఎల్ యాంగిళ్లు,
చంకలో వేసే ముక్కల్లా.
ఎవరూ చూడరు, చిరుగు మాత్రం అక్కడే మొదలు.
అడ్డపలక నడుం కుంగకుండా
కింద సన్నటి బద్దె.
కోసిన అంచులు పచ్చిగా ఉన్నాయి,
వేలు రాస్తే పొట్టు.
ఓవర్‌లాక్ లేని అంచు ఎన్నాళ్లుంటుంది?
వార్నిష్ రెండు పూతలు.
అడుగున ఐదు.
కాళ్లకి రబ్బరు బుష్‌లు, వాటి కింద గ్రానైట్ ముక్కలు.
బుడమేరుకి బెత్తెడు ఎత్తు ఓ లెక్కా?
తెలుసు. అయినా పెట్టాను.

గోడకి క్లాంపులు కొడుతుంటే
డ్రిల్లు మోతకి ఇంటాయన దిగొచ్చారు.
"గోడకి కన్నాలేంటమ్మా?"
"నజ్మా కొడుకు తలుపు పట్టుకుని ఊగుతాడండీ.
మీద పడితే?"
పానకాలరావు గారు తలుపు లాగి చూశారు.
కాస్త బరువు వేసి చూశారు.
తనే ఊగబోయి, మానుకుని,
"మా అలమర కూడా కదులుతోంది,
ఓసారి పైకి రా" అని వెళ్లారు.

రాత్రి మిషను తొక్కాను.
ఇదివరకు మోటారు తిరిగితే చాలు
పాతదానికి వణుకు,
హ్యాంగర్లు గణగణ.
ఇది పలకలేదు.
ఒక్క తలుపు బందు మాత్రం సన్నగా కిర్రుమంది.
దాన్ని రేపు చూడాలి.

పైఅరలో పెళ్లి జాకెట్లు సర్దాం,
మధ్యలో ఫాల్స్, లైనింగులు, దారం డబ్బాలు.
కింది అర ఖాళీగా వదిలేశాను.
ఎందుకని నజ్మా అడగలేదు.
చేతిలో ఉన్న గుడ్డల మూట
బల్ల మీదే పెట్టేసింది.