తొమ్మిది మిల్లీమీటర్లు

మీనంబాక్కంలో ఇంకా తెల్లవారలేదు.
తాయుమానవన్ దారం వదిలాడు.
తెల్ల బెలూను దీపాల పైకి లేచి
మసకలో మసకైపోయింది.

గంటన్నరకి లెక్క తేలింది:
మన నెత్తిమీది గాలినంతా పిండితే
అరవై ఒక్క మిల్లీమీటర్ల నీళ్ళు.
మోడల్ మాత్రం యాభై రెండే అంటోంది,
ఎన్నడూ చెమట పట్టనివాడి ధీమాతో.

తేడా తొమ్మిది.
ఆ గడికి ఎర్ర రంగు వేశాను.
సెన్సర్ తడిసిందేమో అన్నారు పైవాళ్ళు.
మోడల్ గళ్ళు మరీ పెద్దవి,
మన గడిలో సగం సముద్రమే అన్నాను నేను.
ఎవరి తప్పో తేలలేదు.

క్యాంటీన్లో ఉప్పు డబ్బా
బోర్లించి కొట్టినా రాలలేదు.
నిన్న విప్పిన మురుకుల పొట్లం మెత్తబడింది.
పల్లావరంలో నా గది తలుపు ఉబ్బిపోయి
భుజంతో తోస్తే గాని తెరుచుకోదు.
తాడు మీద లుంగీకి ఇది మూడో రోజు.

గేటు బయట తాయుమానవన్
అగ్గిపెట్టె చెవి దగ్గర ఆడించి,
వెలగని నాలుగో పుల్ల నా చేతిలో పెట్టి
"ఇదిగో సార్, మీ తొమ్మిది" అన్నాడు.

సాయంత్రం దాకా చినుకు లేదు.
మోడల్ చెప్పిందీ అదే, లెండి.

ఎర్ర గడిని అలాగే ఉంచాను.