డబ్బా అడుగు

బోల్గాటంగా సంతలో ఒలొంకా అంటే
ఒకప్పుడు వనస్పతి వచ్చిన రేకు డబ్బా.
అదే మానిక, అదే తగవు, అదే తీర్పు.
మూడు రోజులకోసారి సంత.
అసిబి జొన్నలు పోస్తుంది.
డబ్బా నిండాక ఆగదు,
శిఖరం తేలేదాకా పోసి
జారే గింజల్ని అరచేత్తో ఆపి
ఆపైన ఒక పిడికెడు కొసరు.
నా స్ప్రింగు త్రాసుకి తగిలిస్తాను:
రెండు కిలోల తొమ్మిది వందలు.
రాసుకుంటాను.

ఇదే నా కొలువు.
కొనని సరుక్కి ధర అడగడం.
"లెక్కలమ్మా,
ఈ నాలుగేళ్లలో ఒక్క ఉల్లిపాయైనా కొన్నావా?"
అంటుంది అసిబి, పళ్లు కనపడకుండా నవ్వి.

బస్సు దక్షిణానికి దిగుతుంది.
డబ్బా అదే, పేరూ అదే.
తెచిమాన్‌లో శిఖరం సగం కుంగింది.
కుమాసీలో అంచు మీద కర్ర పెట్టి
గీసేస్తారు, గింజ మిగలనివ్వరు.
ఒబువాసిలో గని మూసిన ఏడు
రొట్టె ధర కదల్లేదు,
రొట్టే చిన్నదైంది;
నా కాగితంలో "మార్పు లేదు" అని పడింది.

టకోరాడిలో,
సముద్రంలో చమురు పడ్డాక,
డబ్బా అడుగుని సుత్తితో లోపలికి కొట్టారు.
బయటికి నిండుగానే ఉంటుంది.
వేలు దించితే తెలుస్తుంది ఆ గూను.
"సుత్తి నాది కాదు," అంది అరబా,
"కొట్టు గలాయనది.
రెండేళ్ల అద్దె ముందే పెట్టమన్నాడు.
డాలర్ల జీతగాళ్లు దిగారు కదా,
ఇప్పుడీ వీధిలో
నీడకి కూడా ఓ రేటు."
తూచాను. కిలో తొమ్మిది వందలు.
ఒక పూర్తి కిలో
దారిలో ఎక్కడ దిగిపోయిందో
ఏ స్టేషనులోనూ టికెట్టు లేదు.

అక్రా ఆఫీసులో ఒకాయ్ గారికి
గడి ఒక్కటే ఉంది.
"దేశానికి ఒక అంకె చాలమ్మా,
నీ డైరీ ఎవరు చదువుతారు?"
నేను కిలోల్లోకి మార్చి, కూడి, భాగించి ఇచ్చాను.
ఆ ధరకి జొన్నలు
నేను తిరిగిన ఏ సంతలోనూ దొరకవు.
ఉత్తరాన చవక అని రిపోర్టు చెప్పింది. నిజమే.
కూలీ కూడా చవకే, అది వేరే పట్టిక,
వేరే అంతస్తు, వేరే ఆయన.
అసిబి తమ్ముడు అటియా టమాటాలు
చెట్టునే మెత్తబడ్డ వారం
అక్రాలో మూడు కాయలు ఒక కుప్ప,
ఆ కుప్ప ఖరీదు
అటియా ఒంటిపూట కూలీ.
కొసరుకి మాత్రం
ఏ పట్టికలోనూ వరస లేదు.

వానలయ్యాక మళ్లీ బోల్గా వెళ్లాను.
రోడ్డుకి కొత్త తారు.
కుమాసీ టోకు వర్తకుడు
లారీ వెనక్కి పెట్టి మరీ
బస్తాలకు బస్తాలు ఎత్తుకెళుతున్నాడట.
అసిబి చెవులకి కొత్త పోగులు.
ఎప్పటిలాగే పోసింది, శిఖరం తేల్చింది,
పిడికెడు కొసరు వేసింది.
త్రాసు ముల్లు మాత్రం
రెండు కిలోల ఐదు వందల దగ్గర నిలబడింది.
గింజలు ఒంచి, డబ్బాలో వేలు పెట్టబోయాను.
నా మణికట్టు పట్టుకుంది, మెల్లగానే.
"పైన పోస్తున్నానుగా, లెక్కలమ్మా,
అడుగు సంగతి అడక్కు."

అడగలేదు.
రెండు కిలోల ఐదు వందలు అని రాసుకుని
ఆ రోజు మొదటిసారి
ఒక డబ్బా జొన్నలు కొన్నాను.