నానిన బొగ్గు

రిబ్నిక్ ఊరి అంచున, నేలమాళిగలో మా ప్రయోగశాల.
రాగి వల చుట్టిన గదిలోకి పోయే ముందు
ఫోనూ చేతిగడియారమూ బయట మేకుకు తగిలిస్తాను.
బొగ్గు చాలా సన్నగా మాట్లాడుతుంది,
దూరాన గూడ్సుబండి పోయినా దాని మాట చెదిరిపోతుంది.

పదిహేడో నమూనా, ఎండుది.
రెండు రాగి రేకులు చెంపలకు అతికించి
ప్రెస్సు కింద నిలబెట్టాను.
బరువు పెరిగేకొద్దీ తెరమీద గీత
ఒకసారి ఉలిక్కిపడింది, మళ్లీ సర్దుకుంది.
లోపలెక్కడో వెంట్రుకంత పగులు విచ్చినప్పుడల్లా
విడిపోతున్న రెండు ముఖాల మధ్య
రవ్వంత విద్యుత్తు.
చివరికొచ్చేసరికి అది గీత కాదు, పిచ్చుకల గొడవ.
అప్పుడు ఫట్టున పేలింది.
నల్లముక్కలు అద్దానికి కొట్టుకున్నాయి.

పద్దెనిమిదోది వారం రోజులు నీళ్లలో ఉంది.
తువ్వాలుతో తుడుస్తుంటే
తలంటిన పిల్లాడి మాడులా చల్లగా తగిలింది.
అదే ప్రెస్సు, అవే రేకులు.
గీత కాస్త వణికింది, అంతే.
పుట్టిన కొద్దిపాటి విద్యుత్తునూ తడి
పగులు పొడవునా జారవిడిచింది కాబోలు.
సగం బరువుకే
ఉలుకూ పలుకూ లేకుండా కూలబడింది,
కుర్చీ ఉందనుకుని గాలిలో కూర్చున్నట్టు.

నాన్న అల్ఫోన్స్ ఇరవై తొమ్మిదేళ్లు గనిలో దిగాడు.
ఇనప దన్నుల్ని నమ్మేవాడు కాదు.
"పైన్ దుంగే నయం, విరిగే ముందు మూలుగుతుంది" అనేవాడు.
బొగ్గుగోడకు బెజ్జాలు వేసి నీళ్లెక్కించే కుర్రాళ్లను చూసి
ఒకనాడు శిలువ గీసుకునేవాడు,
ఒకనాడు బూతులు తిట్టేవాడు.
నీళ్లు తాగిన పొర పేలదు, నిజమే.
మరి చెప్పనూ చెప్పదు కదా, అని.

అమ్మ పోయిన ఏడాది
ఆయన ఎప్పుడూ వంటగదిలోనే,
తోమిన గిన్నెలే మళ్లీ తోముతూ.
మోచేతుల దాకా నీళ్లు.
ఎలా ఉన్నావు నాన్నా అంటే
బాగున్నా హాన్యా, అనేవాడు.
నేనూ అలాగే అక్కకు ఫోనులో చెప్పాను,
వరసగా నాలుగు ఆదివారాలు.

షిమూరా గారు నివేదిక తిరగేస్తూ
"పద్దెనిమిదికి సంకేతం లేదు అని రాసేయ్" అన్నాడు.
రాశాను.
ఆయన మెట్లెక్కి వెళ్లాక కొట్టేశాను.
మన పరికరానికి అందలేదు, అని పక్కన రాశాను,
చిన్న అక్షరాల్లో.

పంతొమ్మిదోదాన్ని బకెట్‌లోంచి తీశాను.
ముంజేతి మీదుగా నీళ్లు కారుతున్నాయి.
మీట పదింతలకు తిప్పి
తలుపు వేసుకున్నాను.