మెట్ల మధ్య

లతకియా రేవులో పొద్దుటే లెక్క మొదలవుతుంది.
నీలం పీపాలు, వాటి మెడలకు తీగె,
తీగెకు సీసపు ముద్ర, ముద్ర మీద అంకె.
రాదెక్ తన చెక్ యాసలో ఇంగ్లీషు చదువుతాడు,
నేను అరబ్బీలోకి మారుస్తాను,
కెప్టెన్ ముదర్ రాసుకుంటాడు.
మూడు నోళ్ళు దాటి కాగితం చేరేసరికి
అంకెకి కూడా ఆయాసం వస్తుంది.

నాకిచ్చే జీతం మాటలకు.
వాసనలకు కాదు.

నిన్న క్వాబెనా అడిగాడు:
"దీన్ని ఇక్కడి జనం ఏమని పిలిచేవారు?"
అతని ఫారంలో ఒక గడి ఖాళీగా ఉంది.
పేరు పెట్టాలంటే ముందు ఊపిరుండాలి కదయ్యా,
అనలేదు.
"స్థానిక నామం లేదు" అన్నాను.
అదీ అనువాదమే.

ఒక దేశం ఓడ ఇచ్చింది.
ఒక దేశం ఆ ఓడకు కాపలా.
లారీలు ఒకరివి, కొలిమి ఒకరిది,
మాస్కులు, మందులు, మధ్యాహ్నం తినే డబ్బా చేపలు
ఇంకెవరివో.
మా ఒడ్డున దించొద్దని ఊరేగిన ఊరూ ఒకటుందట.
వాళ్ళను తప్పుపట్టను,
మేమూ అదే చేసేవాళ్ళం,
మమ్మల్ని ఎవరైనా అడిగుంటే.

ఈ పీపాలు నింపిన చేతులెవరివో
ఏ గడిలోనూ లేదు.
అడగడం నా పని కాదు.
అడిగితే అనువదించడం నా పని.
ఎవరూ అడగలేదు.
ముదర్ మాత్రం సిగరెట్ వెలిగించుకునేటప్పుడు
ఎప్పుడూ నాకు వీపు చూపిస్తాడు.

కొత్త కూలీలకు రాదెక్ పాఠం చెప్పాడు:
"గాలికంటే బరువు. పల్లం వెతుక్కుంటుంది."
నీరు పల్లమెరుగు.
ఇదీ ఎరుగు.
మిగతా సగం సామెత దేవుడి దగ్గరుంది.

మా పేటలో మూడేళ్ళు పిల్లలకు నేర్పాం:
విమానం మోత వినపడితే కిందికి,
నేలమాళిగలోకి, పరుగు, వెనక్కి చూడొద్దు.
ఆ రాత్రి అక్క ఘుఫ్రాన్ వింది.
చిన్నది లుజైన్ చెప్పు వదిలేసి మరీ వింది.
మిక్దాద్ ఒక్కడే వినలేదు,
పావురాల గూటికి గొళ్ళెం పెట్టలేదని
డాబా మీదికి పరిగెత్తాడు.
అమ్మ కింద నుంచి తిడుతూనే ఉంది
కాసేపు.

మాట వినని పిల్లవాడు మిగిలాడు.
ఇప్పుడు వాడికి
మాట వినాలిరా అని
ఏ నోటితో చెప్పను?

ఇవాళ ఆఖరి పీపా ఎక్కింది.
క్రేన్ ఒక్కసారి మూలిగి ఆగింది.
చప్పట్లు లేవు. ఎవరో తుమ్మితే
అందరం అటు తిరిగాం, అంతే.
పత్రం చివర ఒక వరుస: మిగిలిన నిల్వ.
రాదెక్ గుండ్రంగా సున్నా చుట్టాడు.
ముదర్ పక్కన చుక్క పెట్టాడు.
మా లిపిలో సున్నా అంటే చుక్కే.
వాళ్ళ సున్నాలో ఇంకా కాస్త చోటుంటుంది,
మాదాన్లో గింజ కూడా పట్టదు.
రాదెక్ కళ్ళద్దాలు సర్దుకుని అడిగాడు:
"ఇది అంకెనా, సిరా మరకా?"
"అంకే" అన్నాను.
ఈ ఉద్యోగంలో నేను తడుముకున్నది
ఆ ఒక్క మాటకే.

రాత్రి ఇంటికొచ్చేసరికి సముద్రం మీద ఉరిమింది.
ఈ అద్దె ఇంట్లో మెట్లు పద్నాలుగు.
మిక్దాద్ ఏడో మెట్టు మీద నిలబడి ఉన్నాడు,
ఒక చెయ్యి పైకెళ్ళే కటకటం మీద,
ఒక కాలు కిందికి.
బాంబైతే కిందికి. గాలైతే పైకి.
ఉరుమైతే ఎటో
ఎవరూ నేర్పలేదు.

"ఓడ వెళ్ళిపోయిందిరా."
"అన్నీ తీసుకుపోయిందా, పిన్నీ?"

మూడు భాషలు వచ్చు నాకు.
వాటిలో వెతికాను.

"లెక్కపెట్టినవన్నీ."

వాడు కాసేపు ఆలోచించాడు.
తర్వాత మెట్టు మీద కూచుని
గోడవైపు జరిగి
నాకు చోటిచ్చాడు.