బాసట పక్కన

కాచిగూడ ప్రెస్సు మేడమీద
జేబు నిఘంటువుకు ప్రూఫులు దిద్దుతున్నాను.
బావి దాటాను. బాస దాటాను.
బాసకు ఒక్క పొల్లు తగిలిస్తే బాస్.
అక్కడ పెన్ను ఆగింది.

'వి. యజమాని. పై అధికారి.'
అంతే ఉంది.
అబద్ధమేమీ కాదు. కానీ ఆ పొద్దున్నే
బస్సు ఫుట్‌బోర్డు మీంచి ఒక పిల్లగాడు
కండక్టర్ బాలకిష్టమ్మను
"బాస్, కోఠి ఒకటి" అన్నాడు.
ఆమె టికెట్ కొట్టి, "లోపలికి జరుగు బాస్" అంది.
ఇద్దరిలో యజమాని ఎవరు?

పెద్ద పుస్తకాలు తిరగేశాను.
డచ్చి మాటట. అర్థం దొర.
అమెరికా చేరాక అక్కడి పనివాళ్లు
'మాస్టర్' అనేది బానిసల పిలుపని నామోషీపడి
దీన్ని అందుకున్నారట.
కొంత పౌరుషం, పక్కవాడి మీద కొంత చిన్నచూపు,
రెండూ ఒకే మాటలో కాపురం.

గోల్కొండ రోజుల్లో బట్టల బేరానికి
డచ్చి వర్తకులు ఇక్కడిదాకా వచ్చారు కదా,
ఏ సరాయిలోనో దీన్ని మరిచిపోయి ఉంటారా అని
ఒక మధ్యాహ్నమంతా ఆశపడ్డాను.
ఆధారం దొరకలేదు. కొట్టేశాను.

మన ఊళ్లో దీని దొరతనం ఎప్పుడో దిగిపోయింది.
పంక్చర్ వేసేవాడు బాస్, వేయించుకునేవాడూ బాస్.
"ఏం బాస్, కండ్లు కనబడ్తలేవా?" అంటే తగాదా.
"అరే బాస్..." అని సాగదీస్తే అప్పు.
"వద్దు బాస్" అంటే మాత్రం నిజంగానే వద్దు.
ఎస్సైని ఎవరూ అనరు, అక్కడ సార్.
మా ఓనరు పాండురంగారావునీ అనం.
జీతమిచ్చేవాడొక్కడే ఈ ఊళ్లో బాస్ కానివాడు.

పోయిన వానాకాలం మలక్‌పేట వంతెన కింద
మోకాటి లోతు నీళ్లలో నా స్కూటర్ చచ్చింది.
వెనక నుంచి గొంతు: "బాస్, న్యూట్రల్ చెయ్."
తన బండి నడుపుతూనే ఎడమ కాలు చాపి
నా బండికి ఆనించి
చాదర్‌ఘాట్ దాకా తోసుకొచ్చాడు.
రెయిన్‌కోటు టోపీలో ముఖం కనబడలేదు.
చెప్పు చూశాను. నీలం పట్టీ, తెగితే పిన్నీసు పెట్టింది.
పేరడిగే లోపు సిగ్నల్ పడింది.
"థాంక్స్ బాస్" అని అరిచాను
వాన మీదికి.

అందుకే మార్జిన్‌లో రాశాను:
'పేరు తెలియనివాడి పేరు.
అడగాల్సిన పనిలేనంత దగ్గరివాడిది కూడా.'
పాండురంగారావు గారు జాగా లేదన్నారు.
ఉన్నది ఉన్నట్టే అచ్చవుతుంది.

సర్లే. కింది పంక్తిలోనే బాసట ఉంది.
తోడు, ఆసరా అని అర్థం.
దాన్నెవరూ ముట్టుకోలేదు.
రెండింటి మధ్య గీత కూడా లేదు.

ఇంతియాజ్ చాయ్ పెట్టి పోతూ
"చక్కెర తక్కువేసిన బాస్" అన్నాడు.
పర్లేదు బాస్, అన్నాను తలెత్తకుండానే.
అప్పటికి బిచాణా దాకా వచ్చేశాను.