రెండో రకం

కిటికీ పూర్తిగా తెరువు, షొరేనా.
ఉత్తరపు వెలుతురు కావాలి నాకు.
దీపం కింద ప్రతి టీ అందగత్తెలాగే కనిపిస్తుంది.

కప్పులు తెల్లవేనా? అంచు చిట్లినా పర్లేదు.
ఒక్కోదానికి మూడు గ్రాములు.
నీళ్లు తెర్లుతుండగానే పొయ్యి.
ఐదు నిమిషాలు. ఈలోగా మాట్లాడకు.
ఆ ఆవుని ఎవరైనా అవతలకి తోలండి.

ఓజుర్గేటిలో మా ఫ్యాక్టరీ నడిచిన రోజుల్లో
గడియారానికి ఉన్నంత మర్యాద డైరెక్టరుకి ఉండేది కాదు.
ఇప్పుడు గోడలు మిగిలాయి.
రేకులూ యంత్రాలూ తూకానికి పోయాయి.
ఇదిగో, ఈ తగరపు ఉమ్మి డబ్బా
నా వాటాకొచ్చింది.

మొదటిది.
జుర్రు, సిగ్గుపడకు.
గాలితో కలిపి లాగితేనే టీ నిజం చెబుతుంది.
అత్తగారి ఎదుట తాగినట్టు తాగితే నోరు విప్పదు.
ఇది సిలోన్‌ది, ఎత్తైన చోటుది.
నాలుక పక్కల్ని చిన్న చాకుతో గీసినట్టు వగరు,
వెనకే నిమ్మతొక్క.
ఉమ్మేయ్.

రెండోది చైనాది.
ఆరిన కుంపటి పక్కన మరిచిపోయిన ప్లమ్ పండు.
ముసలి పెద్దమనిషిలా నెమ్మదిగా వస్తుంది,
వచ్చి కూర్చుందా, ఇక లేవదు.
ఉమ్మేయ్.

మూడోది అస్సాం.
పాలు పోస్తే గాని దీని గొంతు తగ్గదు.

ముప్పై ఒక్క ఏళ్లు ఉమ్మేశాను.
రోజుకి రెండు వందల కప్పులు.
ఇంటికొచ్చి పుదీనా కాచిన నీళ్లు తాగేదాన్ని.
మా ఎర్మిలే నవ్వేవాడు:
వంటవాడు పస్తు పడుకున్నట్టుంది, అని.

నాలుగోది నీది కదూ.
కాస్త దూరం జరుగు.
నీ మొహం కనబడుతుంటే నా నాలుక మొహమాటపడుతుంది.

ముందు మూత మీద తడి ఆకు చూడాలి.
రాగిరంగు తేలాల్సింది,
అంచుల్లో ఇంకా పచ్చదనం.
ఏ తోటది?
వద్దు, చెప్పకు.

ముళ్లపొదల నడుమ
మనిషిని మించి ఎదిగిన మొక్క.
ముప్పై ఏళ్లుగా ఎవరూ తుంచనిది.
వాన వెలిసిన మర్నాడే కోశావు.
ఆకు వాడేదాకా ఆగే ఓపిక లేకపోయింది నీకు.
అడుగున పులుపు నక్కింది.
పులుపు కింద ఇంకేదో ఉంది,
ఆగు,
ఇంకో గుక్క.

రైలు పట్టాల పైన కొండవాలు.
మా అమ్మ కేటో చేత్తో కోసిన వరసలు,
రెండాకులూ ఒక మొగ్గా.
తర్వాత యంత్రం దిగింది.
మొగ్గనీ ముదరాకునీ పుల్లనీ
ఒకే దవడతో నమిలింది.
లెక్క పెరగాలన్నారు, పెరిగింది.
కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే,
ఆ ఊడిన నాలుక నాదే.
పుల్లలు కాచిన నీళ్లు ముందు పెట్టేవారు.
మొదటి రకం, అని సంతకం చేసేదాన్ని.
నీ చేతిరాత ముత్యాలు నజీబ్రోలా, అనేవాడు డైరెక్టరు.

ఆ పెట్టెలు దూరపు చలి ఊళ్లకి వెళ్లేవి.
తెల్లారగట్ల ఏ ట్రామ్ డ్రైవరో
నా సంతకాన్ని కాచుకుని తాగి,
టీ అంటే ఇంతే కాబోలు అనుకుని
పనికి పోయి ఉంటాడు.
అతని పేరు నాకు తెలియదు.
నా పేరు మాత్రం అతనింట్లో ఉండేది,
పెట్టె అడుగున, ఊదారంగు ముద్రలో.

షొరేనా, కలం ఇటివ్వు.
నీ టీ రెండో రకం.

అలా చూడకు.
సిలోన్ పక్కన ఇది నిలవలేదు.
చైనాది దీన్ని పలకరించనైనా పలకరించదు.
అయినా ఇది రెండో రకం,
నిజంగా రెండో రకం.
నేను రాసిన వేల మొదటి రకాల్లో
ఒక్కటీ దీని గుమ్మం తొక్కలేదు.

మే నెలలో రా.
మంచు ఆరాక ఇద్దరం కోద్దాం.
తొందరపడ్డావంటే చేతి మీద కొడతాను.

ఆవు మళ్లీ వచ్చింది చూడు.
మూడు కప్పుల ఆకూ దానికే వెయ్యి.
నాలుగోది ఉండనీ.
ఇంకో నీరు పడుతుంది దానికి.